అలమరలు నిండాయి, ఇల్లు మాత్రం సర్దినట్టే లేదు

కిటికీపక్కసీటు
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం ఉంటాం: నేను, ఆయన, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు. రెండు పడగ్గదులు. అలమరలకు కొదవ లేదు. గోడ అలమరలున్నాయి, మంచం కింద సొరుగులున్నాయి, అటక ఉంది. అన్నీ నిండిపోయాయి. అయినా భోజనాల బల్ల మీద సగం ఎప్పుడూ కాగితాలు, ఛార్జర్లు, బాబు రంగు పెన్సిళ్లే. పడగ్గదిలో ఒక కుర్చీ ఉంది, దాని మీద మనిషి కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. బట్టలే కూర్చుంటాయి. ఆదివారం అంతా సర్దుతాను, బుధవారానికి మళ్లీ మామూలే.

ఒకే రకం డబ్బాలు, బుట్టలు ఒక సెట్టుగా కొనేద్దామని చూస్తున్నాను. వీడియోల్లో అలా సర్దిన ఇళ్లు చూస్తుంటే ప్రాణం లేచొస్తోంది. ఏ సైజులు తీసుకోవాలి? మీ ఇళ్లలో నిజంగా ఏది పనికొచ్చిందో చెప్పండి.

గందరగోళం
ముందు ఆ కార్ట్ ఖాళీ చేయండి అక్కా. డబ్బాలు కొంటే ఇప్పుడున్న సామానుకు తోడు డబ్బాలు కూడా చేరతాయి, అంతే. మా ఇంట్లో ఖాళీ డబ్బాలు పెట్టుకోవడానికి ఒక పెద్ద డబ్బా ఉంది. నవ్వకండి, నిజం.

పాతటేపు
సైజు చెప్పాలంటే ముందు మీ అలమర లోతు తెలియాలి. టేపు పెట్టి కొలవండి, కంటి అంచనా వద్దు. తలుపు మూసినప్పుడు లోపల మిగిలే లోతు కావాలి. తలుపు బందులు, తలుపు అంచు తినేసిన చోటు లెక్కలోకి రాకూడదు.

ఎందుకంటే గొడవంతా లోతుతోనే వస్తుంది. బట్టల అలమరలు మామూలుగా 24 అంగుళాల లోతుతో చేస్తారు. హ్యాంగరుకు తగిలించిన చొక్కా అడ్డంగా పట్టాలంటే అంత కావాలి. మడత బట్టలకు 14 అంగుళాలు చాలు, పుస్తకాలకు 10 నుంచి 12. కానీ ఒకే అలమరలో సగం హ్యాంగర్లకి, సగం అరలకి ఇస్తారు కాబట్టి మడత బట్టలు కూడా 24 అంగుళాల లోతులోకే వెళ్తాయి. దాంతో ముందొక వరస, వెనకొక వరస. వెనక వరసలో పడింది ఇక కనపడదు. కనపడనిది లేదనుకుని ఇంకోటి కొంటాం. వంటగది కింది అరలదీ ఇదే కథ.

అందుకే చెప్తున్నా, అరకు ఉన్నంత లోతు పొడవున్న బుట్ట ఒకటి పెట్టి దాన్ని సొరుగులా ముందుకు లాగేలా చూసుకోండి. పొడవు తక్కువ బుట్టలు రెండు ఒకదాని వెనక ఒకటి పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకో సంగతి. ప్లాస్టిక్ డబ్బాలు పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటాయి. కొనేవాళ్లు అడుగు కొలుస్తారు. అంచు దగ్గర కొలవాలి, లేకపోతే మూడు పట్టాల్సిన చోట రెండే పడతాయి. పొడి సరుకులకైతే చదరపు డబ్బాలే తీసుకోండి. గుండ్రటి డబ్బా నిలబడిన చదరంలో ఐదో వంతుకు పైగా చోటు మూలల్లో ఊరికే పోతుంది.

కిటికీపక్కసీటు
కొలిచాను. 23 అంగుళాలు. మీరు చెప్పాక వెనక వరస మొత్తం బయటికి తీసి చూశాను. ఒకే రకం కత్తెరలు మూడు. సీలు విప్పని బల్బులు ఒక ప్యాకెట్టు, ఇవే పోయిన నెల మళ్లీ కొన్నాం. బాబు మూడేళ్లప్పటి స్వెట్టరు, ఇప్పుడు వాడి మోచేతి దాకా కూడా రాదు. ఒక టార్చిలైటు, లోపల బ్యాటరీ కారి ఆకుపచ్చగా పట్టేసింది. ఇంకా ఏవేవో రిమోట్లు. ఏ వస్తువువో ఎవరికీ తెలియదు. పారేద్దామంటే మాత్రం అందరూ "ఉండనీ" అంటున్నారు.

నీలిచొక్కా
నాదో చిన్న సలహా. ఇల్లు ఎక్కడ చెడుతోందో ముందు చూడండి, సర్దడం తర్వాత చూసుకోవచ్చు. ఒక వారం పాటు ఏదీ కదపకుండా ఎక్కడెక్కడ కుప్పలు పడుతున్నాయో గమనించండి. కుప్ప పడిన చోటల్లా ఇంట్లోవాళ్ల చెయ్యి సహజంగా అక్కడికే వెళ్తోందన్నమాట. దాన్ని మార్చడం కష్టం. ఆ చోటికే ఒక గూడు తెచ్చి పెట్టడం తేలిక.

మీ కుర్చీనే తీసుకోండి. దాని మీద పడేవి ఉతికిన బట్టలూ కావు, మాసినవీ కావు. ఒకసారి వేసుకుని ఇంకోసారి వేసుకుందామనుకున్నవి. ఉతికినవాటితో అలమరలో పెట్టబుద్ధి కాదు, మాసిన బట్టల బుట్టలో వేయబుద్ధి కాదు. ఇంట్లో వాటికంటూ చోటు ఎవరూ పెట్టలేదు, అందుకే కుర్చీ ఎక్కాయి. గోడకు మనిషికి రెండేసి కొక్కేలు కొట్టండి. కొక్కెం నిండితే ఏదో ఒకటి ఉతుక్కి పోవాలి. కుర్చీ ఖాళీ అవుతుంది.

తాళాలదీ ఇంతే. బీరువా పక్కన అందమైన తాళాల బోర్డు పెట్టి, గుమ్మం పక్కనున్న ఫ్రిజ్ మీద తాళాలు వెతుక్కునే ఇళ్లు ఎన్ని లేవు!

గందరగోళం
>> గోడకు మనిషికి రెండేసి కొక్కేలు
అప్పుడు గోడ నిండా బట్టలు వేలాడతాయి. గదిలోకి అడుగు పెట్టగానే అదే కనపడుతుంది. నాకు తలుపులు వేసేసిన అలమరే ఇష్టం. బయట ఉన్న ప్రతి వస్తువూ కంటికి పని చెప్తుంది, పైగా దుమ్ము.

నీలిచొక్కా
తలుపు వెనకాల కొట్టించండి మరి. తలుపు తీసి ఉన్నప్పుడు కనపడవు. రోజూ వాడేది బయట ఉండాలి, నెలకోసారి వాడేది తలుపు లోపల ఉండాలి. అన్నీ బయట పెట్టమని నేను అనలేదు.

రిటైర్డ్‌మాస్టారు
ఈ చర్చ కొత్తదేం కాదండీ, వందేళ్ల పైమాటే. 1912 ప్రాంతంలో అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ కార్ఖానాల్లో ఒక్కో పనికి ఎంత సేపు పడుతుందో లెక్కగట్టే పద్ధతిని వంటింటికి పట్టుకొచ్చింది. గిన్నె తియ్యడానికి ఎన్ని అడుగులు, కడిగి పెట్టడానికి ఎన్ని అడుగులు, అలా. ఆ ఆలోచనలు చదివిన మార్గరెట్ షుట్టె లిహోత్స్కీ అనే వాస్తుశిల్పి 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టే కొత్త ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంత ఇరుకులో కూర్చుని కూరలు తరుక్కునే బల్ల, మడతపెట్టే ఇస్త్రీ పలక, పొడి సరుకులకు వరసగా అల్యూమినియం సొరుగులు. ఏ సొరుగులో ఏముందో దాని మీదే రాసి ఉంటుంది. సొరుగు చివర ముక్కులా ఉంటుంది, నేరుగా గిన్నెలోకి వంపేయొచ్చు. అలాంటివి పది వేల దాకా కట్టారు. ఇప్పటి మాడ్యులర్ కిచెన్లకు అదే మూలం.

దాని మీద వచ్చిన విమర్శ కూడా చెప్పాలి. అది ఒక్క మనిషి కోసం గీసిన గది. ఇద్దరు నిలబడితే ఒకరికొకరు అడ్డం. ఇల్లాలు అందులో ఒంటరిగా మిగిలిపోయింది.

మన సర్దుడు కూడా చాలాసార్లు అలాగే జరుగుతుంది. సర్దిన ఒక్కరికే అంతా తెలుస్తుంది. "అది ఎక్కడుంది" అని మిగతావాళ్లు రోజంతా అడుగుతూనే ఉంటారు. వస్తువు తీసుకునేటప్పుడు మనిషికి అవసరం ఉంటుంది కాబట్టి ఓపిక పడతాడు, మూడు డబ్బాలు దించైనా తీస్తాడు. తిరిగి పెట్టేటప్పుడు ఆ అవసరం తీరిపోయి ఉంటుంది. అప్పుడు మూత తియ్యాలి, పైనున్నది దించాలి అంటే ఎవరు చేస్తారు? బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. కాబట్టి తల్లీ, పెట్టడానికి తేలికగా ఉందా లేదా అన్నదే చూడు. తియ్యడం సంగతి దానంతట అదే కుదురుతుంది.

కిటికీపక్కసీటు
మాస్టారూ, ఇది నాకు బాగా తగిలింది. బాబు రంగు పెన్సిళ్లు ఉండేది మూత ఉన్న డబ్బాలో, ఆ డబ్బా ఇంకో డబ్బా కింద, ఆ రెండూ అలమర పై అరలో. వాడు తియ్యగలడు, ఎందుకంటే కుర్చీ వేసుకుని ఎక్కుతాడు. తిరిగి పెట్టమంటే ఎక్కడు.

నిద్రలేనితల్లి
కుర్చీ వేసుకుని ఎక్కుతాడు అన్నారు, అక్కడే ఆగండి. ఆ అలమర గోడకు బిగించి ఉందా? సొరుగుల బల్లలు, ఎత్తు షెల్ఫులు పిల్లల మీద పడేది ఇలాంటప్పుడే. పిల్లలు కింది సొరుగు లాగి దాన్ని మెట్టులా వాడతారు. రెండు మూడు సొరుగులు ఒకేసారి బయటికొస్తే బరువంతా ముందుకొచ్చి మొత్తం ఒరిగిపోతుంది. అమెరికాలో 2022 చివర్లో దీని మీద ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. సొరుగులు నింపి, కొన్ని తెరిచి పెట్టి, తివాచీ మీద నిలబెట్టి, 27 కిలోల దాకా బరువుండే పిల్లలు లాగినా పడకుండా ఉండాలని పరీక్ష. మనకు చట్టం ఉన్నా లేకపోయినా ఎల్ ఆకారం క్లాంపులు రెండు, నాలుగు మరలు, అరగంట పని. బరువైనవి కింది సొరుగుల్లో పెట్టండి. పిల్లలకు ఇష్టమైన వస్తువు ఏదీ పైన పెట్టకండి, వాళ్లను ఎక్కమని పిలిచినట్టే.

బొమ్మలకు పెద్ద పెట్టె వద్దు. అడుగున ఉన్నదాని కోసం మొత్తం బోర్లిస్తారు. లోతు తక్కువ, మూత లేని బుట్టలు నేల మీదే. చదవడం రాని పిల్లలకు బుట్ట మీద బొమ్మ అంటిస్తే చాలు.

పనిలో పని ఇంకో రెండు. బాత్రూం క్లీనర్లలో యాసిడ్ ఉంటుంది, దాన్ని బ్లీచ్ పక్కన పెట్టకండి. రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. రిమోట్లలో, బొమ్మల్లో వాడే నాణెం లాంటి బ్యాటరీలు సొరుగులో ఊరికే పడేయకండి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోతుంది. పాతవి కూడా అంతే, అయిపోయిన బ్యాటరీ కదా అని వదిలేయొద్దు.

అద్దెఇల్లు
గోడకు మేకు కొడితే ఓనరు ఊరుకోని ఇళ్లలో ఉండేవాళ్ల సంగతేంటి? కొక్కేలు కొట్టండి, క్లాంపులు బిగించండి అంటున్నారు. మాకు క్యాలెండరు తగిలించుకోవడానికే అనుమతి కావాలి.

నా వరకు నేను చేసుకున్నది చెప్తాను. తలుపు పైఅంచుకు తగిలించే కొక్కేల పట్టీ, మేకు అక్కర్లేదు. సింకు కింద రెండు పక్కల గోడలకు ఆనించి బిగించే స్ప్రింగు రాడ్డు, దానికి స్ప్రే సీసాలు మెడ పట్టుకుని వేలాడతాయి, కింద చోటు మిగులుతుంది. అంటించే కొక్కేలు పడిపోతున్నాయని అందరూ తిడతారు గానీ అంటించే ముందు గోడ తుడవరు. టైలు మీద జిడ్డు ఉంటే ఏదీ నిలవదు. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అంటించి, ప్యాకెట్టు మీద చెప్పినంత సేపు ఆగాక బరువు తగిలించాలి. సున్నం రాలే గోడకు మాత్రం దండం పెట్టి వదిలేయండి.

ఇల్లు మారే వాళ్లకి ఇంకోటి. పుస్తకాలు పెద్ద పెట్టెల్లో సర్దకండి. చిన్న పెట్టెలే. నడుము మీదే కదా మోయాలి.

నిద్రలేనితల్లి
@అద్దెఇల్లు మేకు కుదరకపోతే ఎత్తు షెల్ఫు కొనకపోవడమే మంచిది. అంటించే పట్టీలతో షెల్ఫు ఆపుదాం అనుకోకండి. పిల్లలున్న ఇంట్లో నడుము ఎత్తు దాటని బల్లలే పెట్టుకోండి. లేదా ఓనరును గట్టిగా అడగండి, వెళ్లేటప్పుడు పుట్టీ పెట్టి పూడుస్తామని రాసివ్వండి.

పాతటేపు
పుస్తకాల మాట వచ్చింది కాబట్టి. చాలామంది ఇళ్లలో షెల్ఫు మధ్యలో కుంగిపోయి ఉంటుంది, పలక నాసిరకం అని తిట్టుకుంటారు. పలక కంటే పొడవుదే ఎక్కువ తప్పు. అడుగుకు అంతే బరువు పెట్టి పలక పొడవు రెట్టింపు చేస్తే వంపు పదహారు రెట్లు అవుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. మీటరు పొడవున నిలబెట్టిన పుస్తకాలు పాతిక, ముప్పై కిలోలు తేలిగ్గా తూగుతాయి. 18 మి.మీ. పార్టికల్ బోర్డు అయితే రెండడుగులు, మహా అయితే రెండున్నర దగ్గర మధ్యలో ఒక నిలువు పలక రావాల్సిందే. ఇప్పటికే కుంగినది ఉంటే తిరగేసి పెట్టండి, ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల చెక్క పట్టీ నిలువుగా కొట్టండి. కొన్నేళ్లు లాగుతుంది.

గందరగోళం
తిరగేసి పెట్టడం! ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేం.

వానమబ్బు
అటక గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అక్కడే అసలు నష్టం జరుగుతుంది.

పై అంతస్తు అయితే అటకలో ఎండ వేడి, గోడ బయటి వైపుదైతే వానకు చెమ్మ. ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు, మందులు, బ్యాటరీలు అటక మీద పెట్టకండి. మందులు బాత్రూం అలమరలో కూడా వద్దు, వేడినీళ్ల ఆవిరి తగులుతుంది. చల్లగా, పొడిగా, పిల్లలకు అందకుండా తాళం ఉన్న సొరుగు ఒకటి చూసుకోండి.

బూజు సంగతి. గదిలో గాలి తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. బయటి గోడకు ఆనించిన బీరువా వెనక గాలి ఆడదు, గోడ చల్లగా ఉంటుంది, చెమ్మ అక్కడ చేరుతుంది. రెండంగుళాలు ముందుకు జరపండి. బట్టలు పూర్తిగా ఆరకుండా గాలి తీసేసే ప్లాస్టిక్ సంచుల్లో పెడితే బూజును దాచినట్టే. ఆ సంచులు మందపాటి దుప్పట్లకు బాగానే పనికొస్తాయి గానీ ఈకలు నింపిన రజాయిలు నెలల తరబడి నొక్కి ఉంచితే మళ్లీ అంత ఉబ్బవు.

ఉన్ని, పట్టు బట్టలు ఉతికించి పెట్టాలి. రంధ్రాలు పెట్టేది ఎగిరే చిమ్మట కాదు, దాని పురుగు. చెమట, మరకలు ఉన్న చోటే దానికి ఇష్టం. కలరా ఉండలు వేసేవాళ్లు జాగ్రత్త. ఆ వాసన పీల్చడం మంచిది కాదు, మూత బిగుతుగా ఉన్న పెట్టెలో తప్ప ఊరికే సొరుగులో వేస్తే గదంతా అదే. పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతో జి6పిడి అనే ఎంజైము తక్కువ ఉంటుంది. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ తగిలితే వాళ్ల రక్తకణాలు విరిగిపోతాయి. పురుగు పట్టిందని అనుమానముంటే ఆ బట్టను సంచిలో కట్టి ఒక వారం డీప్ ఫ్రీజరులో పెట్టండి, మైనస్ 18 డిగ్రీల దగ్గర.

అట్టపెట్టెలు అటకలో ఉంచకండి. బొద్దింకలకు, కాగితం తినే వెండిరంగు పురుగులకు అవి సొంతిల్లు.

కిటికీపక్కసీటు
ఇప్పటిదాకా ఏమీ కొనలేదు. అలమర గోడకు బిగించాం. తలుపు వెనక కొక్కేలు వచ్చాయి, కుర్చీ ఖాళీ, దాన్ని బాల్కనీలోకి పంపించేశాను మళ్లీ బట్టలెక్కకుండా. పెన్సిళ్లు బల్ల పక్కనే నేల మీద మూత లేని బుట్టలో. వాడే వేస్తున్నాడు, సగం బయట పడుతున్నాయనుకోండి.

ఇప్పుడు అసలు టెన్షన్. మా అత్తగారు. ప్లాస్టిక్ కవర్లు, ఖాళీ సీసాలు, రబ్బరు బ్యాండ్లు, పాత గుడ్డపేలికలు ఏవీ పారేయనివ్వరు. ఒక అలమర నిండా అవే. నేను ముట్టుకుంటే "ఎప్పుడో పనికొస్తుంది" అంటారు. నిజంగా ఒక్కోసారి పనికొస్తుంది కూడా, అదే బాధ.

గందరగోళం
ఆ రబ్బరు బ్యాండ్లు మా ఇంట్లో గుండ్రంగా చుట్టి బంతి చేశారు. పిల్లాడు ఆడుకుంటున్నాడు. సమస్య అలా పరిష్కారమైంది.

రిటైర్డ్‌మాస్టారు
అమ్మా, ఆవిడ వయసులో ఉన్నవాడిగా చెప్తున్నాను. పారేయమని అడగకు. "ఎంత ఉంచుకుందాం అత్తయ్యా" అని అడుగు. కవర్లకు ఒక సంచి ఇవ్వు, అది నిండాక కొత్తది పెట్టాలంటే పాతది తీయాలి. ఏది తీయాలో ఆవిడనే తేల్చనివ్వు. హద్దు నువ్వు పెట్టావు, ఎంపిక ఆవిడది. గొడవ ఉండదు అనను, తగ్గుతుంది.

ఆవిడ సొంత వస్తువుల చోటు మాత్రం మార్చకు. కళ్లజోడు, మందులు, చేతిసంచి. మా వయసులో వస్తువు కంటితో వెతకం, చెయ్యి వెళ్లిన చోట దొరకాలి. ఎంత అందంగా సర్దినా చోటు మారితే మాకు అది పోయినట్టే. నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉంచు. వంగడం, చేతులెత్తడం రెండూ కష్టం. మూతలు నొక్కితే తెరుచుకునేవి కాకుండా తేలిగ్గా ఊడేవి చూడు, వేళ్లలో బలం తగ్గుతుంది. మందుల డబ్బాకి మాత్రం ఈ మాట వర్తించదు, ఇంట్లో పిల్లవాడు ఉన్నాడు.

నీలిచొక్కా
గది గదికీ సర్దాలా, వస్తువుల రకాన్ని బట్టి సర్దాలా అని ఎవరూ తేల్చలేదు. ఇల్లు సర్దడం మీద పుస్తకాలు రాసిన జపాన్ ఆవిడ మారీ కొండో పద్ధతి రెండోది. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఒకచోట పోసి చూడమంటుంది, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివర్లో జ్ఞాపకాలున్న వస్తువులు. మూడు కత్తెరలు మూడు గదుల్లో ఉంటే ఎప్పటికీ తెలియదు, ఒకచోట పోస్తే తెలుస్తుంది. అంతవరకు ఒప్పుకుంటాను. బట్టలు నిలబెట్టి మడిచే పద్ధతి కూడా సొరుగుకి బాగుంటుంది, అన్నీ ఒక్క చూపులో కనపడతాయి. లోతు అరకు పనికిరాదు, జారే గుడ్డకు అసలే పనికిరాదు.

నిద్రలేనితల్లి
ఆవిడే 2023లో, ముగ్గురు పిల్లలు పుట్టాక ఇల్లు ఎప్పుడూ సర్ది ఉంచడం దాదాపు మానేశానని చెప్పింది. ఆ వార్త చదివి నేను ఆ రోజు హాయిగా నిద్రపోయాను. ఇంట్లో అన్ని బట్టలూ మంచం మీద పోస్తే మా చిన్నది లేచేలోపు అవి మళ్లీ లోపలికి వెళ్లవు. నాకు ఒక పూటకి ఒక సొరుగే. ఒకటి తీశానా, అది అయ్యేవరకు రెండోది తెరవను.

వానమబ్బు
కాగితాలు మాత్రం రకాన్ని బట్టే వెయ్యాలి. పడుకోబెట్టి దొంతర పెడితే కింద ఉన్నది చచ్చినట్టే. నిలబెట్టండి, ఫైళ్లలో. ఈ వారం ఏదో చేయాల్సినవి ఒక ఫైలు, దాచాల్సినవి ఇంకొకటి, మిగతాది చింపేయడమే. ఫోనులో ఫొటో తీసుకున్నా సరే, అసలు పత్రం కావాల్సినవి మాత్రం ఉంచండి.

గందరగోళం
పేర్ల చీటీలు అంటించాలా వద్దా? మా ఆవిడ ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పు అని అంటించింది. ఇల్లా, గోడౌనా?

పాతటేపు
లోపల ఉన్నది బయటికి కనిపిస్తే చీటీ దండగ. కనపడకపోతే, ఇంట్లో ఒకరికి మించి వాడితే, అంటించండి. చీటీ డబ్బాకి కాకుండా అర అంచుకి వేస్తే ఇంకా నయం. డబ్బా తీసుకెళ్లినా చోటు ఖాళీగా, పేరుతో సహా కనపడుతుంది, తిరిగి అక్కడికే వస్తుంది. కార్ఖానాల్లో పనిముట్ల బోర్డు మీద స్క్రూడ్రైవరు ఆకారం గీసి ఉంచేది అందుకే. మీ ఆవిడ మాట వినండి, ఉప్పూ పంచదారా కలిసిన రోజు తెలుస్తుంది.

గందరగోళం
ఆ రోజు ఇప్పటికే వచ్చింది, అందుకే అంటించింది.

కిటికీపక్కసీటు
అత్తయ్యకు సంచి ఇచ్చాను. "ఇంత చిన్నదా" అన్నారు. ఇంకో సైజు పెద్దది ఇచ్చాను, ఒప్పందం కుదిరింది. సీసాలు మాత్రం ఇంకా చర్చల్లో ఉన్నాయి. లోతైన అరలకు 22 అంగుళాల బుట్టలు నాలుగే కొన్నాం, అంచు కొలిచే. కత్తెర ఒకటి వంటగదిలో, ఒకటి బాబు బల్ల దగ్గర, మూడోది అత్తయ్య గదిలో. ఇంతకుముందు మూడూ ఒకే చోట ఎవరికీ దొరకకుండా ఉండేవి.

ఇక మిగిలింది ఛార్జర్ల సొరుగు. చెయ్యి పెడితే అన్నీ కలిసి ఒకే ఉండగా వస్తున్నాయి. దీనికి ఏమైనా మార్గం ఉందా?

అద్దెఇల్లు
రోజూ వాడేవి సొరుగులో పెట్టకండి. ప్లగ్గు పక్కనే ఉండాలి, వైరు చివర బల్ల అంచుకి క్లిప్పు పెడితే కింద పడదు. సొరుగులో స్పేరువి మాత్రమే. ఒక్కోటి విడిగా చుట్టి వెల్క్రో పట్టీ వేయండి, రబ్బరు బ్యాండు కాదు, ఎండకి కరిగి అతుక్కుంటుంది. గట్టిగా మాత్రం చుట్టకండి, ప్లగ్గు దగ్గర వైరు లోపలే తెగుతుంది.

పాతటేపు
ఏ పరికరానిదో తెలియని అడాప్టర్లు ఉంటే వెనక వోల్టేజీ చూడకుండా దేనికీ గుచ్చకండి. సొరుగు లోపల చెక్క ముక్కలతో గళ్లు కట్టుకోవచ్చు, నాలుగంగుళాల గడి ఒక్కో ఛార్జరుకి సరిపోతుంది. సొరుగు లోపలి ఎత్తు ఎంతో చెప్పండి, గీసి పెడతాను.

కిటికీపక్కసీటు
మూడున్నర అంగుళాలు. వెడల్పు 16, లోతు 20.